ఊడిన గొట్టము ఎచ్చటిది? — టర్బో ఇంజనుపై ఒక పాఠము

శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారి మన ధర్మపురి ప్రక్కగా సేలమునకు దిగుచున్నది. మన ప్రాంతమున అది పూర్వము 7వ సంఖ్యతో పిలువబడుచుండెను. ఆ రహదారినే నమ్ముకొని జీవించు కుటుంబములు మన జిల్లాలో అనేకము. హోసూరునందు అశోక్ లేలాండు వారి కర్మాగారము 1980లో నెలకొన్ననాటికి ఆ పట్టణము ధర్మపురి జిల్లాలోనే యుండెను. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడినది. ఇట్లు మోటారు వాహనము మన పిల్లలకు చిన్ననాటనే పరిచితమైన వస్తువు. అయినను ఇంజను మూత ఎత్తి చూచినప్పుడు నల్లని గొట్టములు ఒకదానిపై నొకటి ప్రాకియుండుట కనబడునే గాని, ఏది ఎందులకో చెప్పగలవారు అరుదు.

వానిలో నొకటి ఊడి వ్రేలాడుచుండగా చూచినవారు తొందరపడి, దగ్గర ఖాళీగా కనబడిన చోట దానిని తగిలింతురు. ఈ తొందరయే అపాయకరము. ఊడిన గొట్టము ఏదో యొక లక్షణమును చూపి తన లోపమును తానే తెలుపును. తప్పుచోట తగిలించిన గొట్టము కంటికి సరిగా కనబడుచు లోపమును దాచును. కావున ముందు గుర్తింపు, తరువాత కూర్పు అను క్రమమును నేర్చుకొనవలెను. తొమ్మిది, పది తరగతుల పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని తల్లిదండ్రులు ఈ పాఠమును చదువుదురు గాక.

టర్బో అననేమి?

ఇంధనము మండుటకు గాలి కావలెను. సామాన్యమైన ఇంజను తనకు కావలసిన గాలిని తానే పీల్చుకొనును. ఎక్కువ గాలిని బలవంతముగా లోపలికి నెట్టినచో, ఎక్కువ ఇంధనమును మండించి ఎక్కువ బలమును పొందవచ్చును. ఇంజను నుండి వ్యర్థముగా పోవు వేడి పొగతో ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసునకు అమర్చిన రెండవ చక్రముతో గాలిని నొక్కి పంపు సాధనమే టర్బో. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుఖీ 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైరు అను కారునందు అది ప్రవేశించెను. 1975 నాటి జర్మనీ దేశపు పోర్షే 911 టర్బో వంటి వేగపు కార్లవలన దానికి లోకప్రసిద్ధి కలిగెను. నేడు డీసెలు లారీలలోనే గాక, సామాన్య కుటుంబములు వాడు చిన్న పెట్రోలు కార్లలోను టర్బో కనబడుచున్నది.

చిన్న కార్ల టర్బో నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. నొక్కబడిన గాలి వేడెక్కును. టర్బోనుండి వెడలునప్పుడు దాని వేడి నూరు డిగ్రీలు దాటుట సామాన్యము. వేడిగాలి పలుచనిది గనుక దానిని ఇంటర్‌కూలరు అను జాలిపెట్టెలో చల్లార్చి, చిక్కబరచి, పిమ్మట ఇంజనులోనికి పంపుదురు. ఈ రాకపోకలన్నియు గొట్టముల ద్వారానే జరుగును. టర్బో గల ఇంజనులో గొట్టములు ఎక్కువగా నుండుటకు కారణ మిదియే.

పీల్చు గొట్టము, నెట్టు గొట్టము

మన జిల్లాలో బావిని, పంపుసెట్టును ఎరుగని రైతు లేడు. పంపునకు రెండు గొట్టములుండును. బావిలోనికి దిగునది నీటిని పీల్చును. పొలమునకు పోవునది నీటిని నెట్టును. నెట్టు గొట్టమునకు చిల్లి పడినచో నీరు బయటికి చిమ్మును, ఎవరికైనను కనబడును. పీల్చు గొట్టమునకు చిల్లి పడినచో ఒక చుక్కయు కారదు. బయటి గాలియే లోపలికి దూరును. మోటారు తిరుగుచునే యుండును, నీరు మాత్రము రాదు. మొదటి లోపము కేక వేయును. రెండవది మౌనముగా చెడుపు చేయును.

టర్బో ఇంజను గాలిమార్గమును ఈ పోలికతోనే మూడు భాగములుగా తెలిసికొనవచ్చును.

మొదటి భాగము గాలి ఫిల్టరు నుండి టర్బో వరకు గలది. ఇది ఎల్లప్పుడును పీల్చు గొట్టమే. ఇచ్చట కీలు వదలినచో ఫిల్టరులో వడగట్టబడని గాలి దుమ్ముతో సహా లోపలికి పోవును. అంత వేగముతో తిరుగు చక్రపు రెక్కలను ఆ దుమ్ము అరగదీయును.

రెండవ భాగము టర్బో నుండి ఇంటర్‌కూలరు మీదుగా ఇంజను గాలిద్వారము వరకు గలది. ఇది నెట్టు గొట్టము. ఇచ్చట వదలినచో గాలి బయటికి పోవును.

మూడవ భాగము పెట్రోలు ఇంజనులలో ఆ ద్వారమునకును ఇంజనునకును నడుమ గలది. దీని స్వభావము రెండు విధములు. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ద్వారము దాదాపు మూయబడి యుండును గనుక, లోపలి పీడనము బయటి గాలి పీడనములో సుమారు మూడవ వంతునకు పడిపోవును, అప్పుడది పీల్చును. ఆక్సిలరేటరును బలముగా త్రొక్కినప్పుడు టర్బో గాలి వచ్చి నిండును, అప్పుడది నెట్టును. ఇచ్చటికి చేరు సన్నని గొట్టములు ఈ రెండు స్థితులకును తట్టుకొనవలెను.

ఇతర గొట్టములు

గాలిమార్గము గాక మరికొన్ని తెగల గొట్టములు కలవు. రేడియేటరు గొట్టములు ఇంజనును చల్లార్చు నీటిని త్రిప్పును. ఇంజను అడుగుభాగపు ఆవిరిని తిరిగి పీల్చు మార్గములోనికి చేర్చు గొట్టమొకటి యుండును. నూనె మరకతో నుండుట దాని గుర్తు. టర్బో ఇరుసునకు నూనె తెచ్చునది యొకటి, ఆ నూనెను తిరిగి దింపునది మరియొకటి. టర్బో ఒత్తిడి మితిమీరకుండ పొగను ప్రక్కకు మళ్లించు తలుపును వేస్టుగేటు అందురు. దానిని కదలించుటకు పెన్సిలు లావు గొట్టమొకటి పోవును. బ్రేకును సులభముగా త్రొక్కుటకు తోడ్పడు గుండ్రని డబ్బాను బ్రేకు బూస్టరు అందురు. దానికొక మందమైన గొట్టముండును. ఇంధనపు గొట్టములు వీనికి వేరు.

లోపము పలుకు భాష

నెట్టు గొట్టము ఊడినచో, ఆక్సిలరేటరు త్రొక్కినప్పుడు బుస్సుమను చప్పుడు పెద్దదిగా వినబడి బలము తగ్గిపోవును. డీసెలు బండి నల్లని పొగ విడుచును. ఏలయన ఇంధనము వచ్చినను దానిని మండించుటకు చాలినంత గాలి లేదు. గాలిని కొలుచు సాధనము గల పెట్రోలు ఇంజను, లెక్కించిన గాలి దారిలో పోయిన సంగతి నెరుగక, ఆ లెక్కకు తగిన పెట్రోలు పోసి తడబడును.

మూడవ భాగములోని సన్నని గొట్టము ఊడినచో, నిలిచిన బండి ఇంజను ఒడుదుడుకుగా తిరుగును; సన్నని ఈల వంటి ధ్వని వినబడును. వేస్టుగేటు గొట్టము ఊడినచో ఫలితము అమరికను బట్టి మారును. టర్బో ఒత్తిడితోనే తలుపు తెరచుకొను అమరికలో ఆ ఒత్తిడి అందక తలుపు తెరచుకొనదు. గాలి మితిమీరి నిండును. వాయుశూన్యముతో పనిచేయు అమరికలో ఇందుకు మారుగా బలము తగ్గిపోవచ్చును. బ్రేకు బూస్టరు గొట్టము ఊడినచో పెడలు రాయివలె గట్టిపడును.

ఊడిన కొన ఎవరిది?

ఊడిన కొన కనబడగానే చేతిని వెనుకకు తీసికొని కంటికి పని చెప్పవలెను. ముందుగా ఉన్నదున్నట్లు ఒక ఫొటో తీయుడు. తరువాత ఈ ప్రశ్నలను వరుసగా వేసికొనుడు.

మొదటి ప్రశ్న: ఇది నిజముగా ఊడినదేనా? కొన్ని గొట్టముల కొనలు క్రిందికి తెరచియుండవలసినవే. చల్లని గాలి యంత్రము నుండి నీరు కార్చునది, పొంగిన రేడియేటరు నీటిని బయటికి విడుచునది, గేరుపెట్టెకు ఊపిరి నిచ్చునది ఇట్టివి. వీనిని దేనికో తగిలించి మూసినచో కొత్త లోపమును మనమే తెచ్చిపెట్టినట్లగును.

రెండవ ప్రశ్న: దీని రెండవ కొన ఎచ్చటనున్నది? ఊడని కొన వరకు వ్రేలితో వెంట పోయినచో గొట్టము ఏ కుటుంబమునకు చెందినదో తెలియును.

మూడవ ప్రశ్న: గొట్టమునకు ఎంత లావు, ఎట్టి వంపు? అచ్చుపోసిన గొట్టము ఏండ్ల తరబడి ఒకచోట నుండి ఆ వంపునకే అలవాటు పడును. మెలిపెట్టక, సాగదీయక, సహజముగా వదలినప్పుడు అది చూపు దిక్కున దాని చోటు ఉండును. బలవంతముగా లాగినచో గాని అందని చోటు దానిది కాదు.

నాలుగవ ప్రశ్న: గొట్టము తొడుగు లోహపు ముక్కును మెకానిక్కులు నిపిల్ అందురు, దానిపై ఏ గుర్తులున్నవి? ఇటీవల ఊడిన నిపిల్ కొన శుభ్రముగా నుండి, దాని చుట్టు మాత్రమే దుమ్ము పేరుకొని యుండును. గొట్టము కొనపై పాత క్లిప్పు నొక్కిన ఉంగరపు జాడ యుండును. కొన్ని గొట్టములపై తెల్లని గీతయో బాణపు గుర్తో ముద్రించి యుండును. ఎదుటి గుర్తుతో అది కలియవలెను.

ఈ నాలుగు ప్రశ్నలకు తరువాతను రెండు చోట్లు సరిపోవునట్లు తోచినచో, పరీక్షార్థము ఒకదానికి తగిలించి చూచుట తగదు. కొన్ని కార్లలో మూత లోపలివైపున గొట్టముల పటము అతికించి యుండును. వాహనపు పుస్తకమును చూడవచ్చును. అదే నమూనా బండిని ప్రక్కన నిలిపి పోల్చవచ్చును. అప్పటికిని సందేహము తీరకున్నచో తెలిసినవాని నడుగుటలో సిగ్గు లేదు.

తిరిగి చేర్చు క్రమము

ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, కనీస మొక గంట చల్లారనీయవలెను. కొన్ని బండ్లలో ఇంజను ఆగినను విద్యుత్తు ఫ్యాను హఠాత్తుగా తిరుగును. చీర చెంగు, కండువ, పొడవు చేతుల చొక్కా దానికి దూరముగా నుండవలెను. రేడియేటరు మూతను వేడిలో ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ప్రెషరు కుక్కరులోని నీటివలె ఒత్తిడికి లోబడి, నూరు డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత వదలగానే ఒక్కుమ్మడి మరిగి ముఖమునకు చిమ్మును.

గొట్టము లోపలి భాగమును, నిపిల్ పైభాగమును పొడి గుడ్డతో తుడువవలెను. నెట్టు గొట్టములలో పలుచని నూనె తడి తరచుగా నుండును. అదే కీలు జారుటకు కారణమగును. ఆ తడిని పూర్తిగా పోగొట్టక చేర్చినచో మరల ఊడును. సులభముగా తొడుగవలెనని గ్రీజు పూయరాదు.

ఇచ్చట చిన్న లెక్క యొకటి పిల్లలచేత చేయింపవచ్చును. గొట్టపు లోపలి వ్యాసము 5 సెంటీమీటర్లైనచో దాని నోటి వైశాల్యము సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. టర్బో గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపై 1 కిలోగ్రాము చొప్పున నొక్కినచో, మలుపు వద్ద ఆ కీలును విడదీయుటకు యత్నించు బలము దాదాపు 20 కిలోగ్రాముల బరువునకు సమానము. నూనె పూసిన గొట్టము ఎందులకు నిలువదో ఈ లెక్క తెలుపును.

నిపిల్ కొన దగ్గర ఉబ్బెత్తు కట్ట యొకటి యుండును. గొట్టము దానిని దాటి చివరివరకు పోవలెను. క్లిప్పు ఆ కట్టకు వెనుక, గొట్టపు అంచునకు కొంచెము లోపలగా కూర్చుండవలెను. కట్టపైననే క్లిప్పు బిగించినచో నేడు గట్టిగా తోచి రేపు జారును. స్క్రూ త్రిప్పి బిగించు పట్టీ క్లిప్పునకు ఇంగ్లండు నౌకాదళపు కమాండరు లమ్లీ రాబిన్సను 1921లో పేటెంటు పొందెను. జూబ్లీ క్లిప్పు అను పేరుతో అది నేటికిని వాడుకలో నున్నది. దానిని రబ్బరు కొలదిగా ఉబ్బువరకు మాత్రమే బిగింపవలెను. అంతకు మించినచో పట్టీ రబ్బరును కోయును, ప్లాస్టిక్ నిపిల్ పగులును. రేడియేటరు గొట్టములపై స్ప్రింగు క్లిప్పు లుండినచో వానినే వాడుట మేలు. వేడికి ఉబ్బి చలికి తగ్గు రబ్బరును అవి తమంతట తామే అనుసరించును.

రబ్బరు వయస్సును పరీక్షింపవలెను. 1839లో అమెరికా దేశీయుడు చార్లెస్ గుడియరు గంధకముతో రబ్బరును పదునుపెట్టు విధానము కనుగొన్నప్పటినుండి అది వేడిచలులకు ఓర్చుకొనుచున్నది గాని, చిరంజీవి కాదు. చల్లగా నున్నప్పుడు నొక్కి చూడుడు. జిగురుగా మెత్తబడినది నూనె త్రాగినది. గట్టిపడి బీటలు వారినది వేడికి లొంగినది. రెండింటిని మార్చవలెను. ఒక పనికి చేసిన గొట్టము వేరొక పనికి రాదు. నీటి గొట్టము టర్బో ఒత్తిడికి ఆగదు. పలుచని గొట్టము వాయుశూన్యమునకు చప్పిడియై మూసికొనును.

పని ముగిసిన పిమ్మట లోపల గుడ్డపీలిక గాని స్క్రూ గాని మిగిలినదేమో చూచి, మరల ఫొటో తీసి, మొదటిదానితో పోల్చి, ఆ పిమ్మటనే ఇంజను నడుపవలెను.

తొప్పూరు కనుమయు బ్రేకు గొట్టమును

ఈ పాఠమునకు మన జిల్లాలో ప్రత్యేక ప్రయోజన మున్నది. ధర్మపురి నుండి సేలమునకు పోవు దారిలో తొప్పూరు కనుమ దిగుడు ఎంత కఠినమో మనకు తెలియును. 2020 డిసెంబరులోను, 2024 జనవరిలోను అచ్చట వాహనములు వరుసగా ఢీకొని ప్రాణనష్టము జరిగినది. అట్టి దిగుడులో బ్రేకు ఎట్లు పనిచేయునో ఎరుగుట ప్రతి కుటుంబమునకును అవసరము.

పెట్రోలు కార్లలో బ్రేకు బూస్టరునకు బలము నిచ్చునది ఇంజను పీల్చుట వలన ఏర్పడు వాయుశూన్యము. డీసెలు కార్లలోను, కొన్ని పెట్రోలు కార్లలోను అందులకు వేరొక పంపు ఉండును. ఆ గొట్టము ఊడినను బ్రేకు పూర్తిగా పోదు. కాని మునుపటికంటె మిక్కిలి బలముగా త్రొక్కిననే గాని బండి ఆగదు. ఇంధనము మిగులునని దిగుడులో ఇంజను ఆపివేయువారికిని ఇదే గతి పట్టును. బూస్టరులో నిలువయున్న బలము రెండు మూడు త్రొక్కుడులతో తీరిపోవును. గేరు తీసివేసి న్యూట్రలులో దిగువారు ఇంజను ఇచ్చు నిరోధమును పోగొట్టుకొని, భారమంతయు బ్రేకులపైననే వేయుచున్నారు.

టర్బో పెట్రోలు ఇంజనులో ఈ గొట్టమున ఒకవైపు మాత్రమే గాలిని పోనిచ్చు కవాటముండును. గాలి బూస్టరు నుండి ఇంజను వైపునకు పోవలెనే గాని, టర్బో ఒత్తిడి బూస్టరులోనికి రారాదు. ఆ కవాటమును తలక్రిందుగా అమర్చినచో గొట్టము చక్కగా తగిలించినట్లే కనబడును. బ్రేకునకు మాత్రము తోడు దొరకదు. పాఠారంభమున చెప్పిన అపాయమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదు.

దీనిని పరీక్షించుట సులభము. ఇంజను ఆపియుండగా పెడలును గట్టిపడువరకు పలుమార్లు త్రొక్కుడు. పాదమును అట్లే నొక్కియుంచి ఇంజను నడుపుడు. పెడలు పాదము క్రింద కొంచెము దిగినచో బూస్టరునకు బలము అందుచున్నది. దిగకున్నచో ఆ బండితో కనుమ దిగరాదు.

ఇంట చేయరానివి

ఇంధనపు గొట్టములను ఇంట ముట్టరాదు. నేటి డీసెలు ఇంజనులలో ఇంధనము వాయుమండల పీడనమునకు వేయిరెట్లు మించిన ఒత్తిడితో ప్రవహించును. సన్నని ధార చర్మమును చీల్చి లోపలికి పోగలదు. టర్బో నూనె గొట్టము వదలినచో నూనె మండుచున్న లోహముపై బడి నిప్పు పుట్టును. వెంటనే ఇంజను ఆపవలెను. లారీల గాలి బ్రేకు గొట్టములను ఆ వృత్తిలోనివారే చూడవలెను. గాలి ఎచ్చట పోవుచున్నదో కనుగొనుటకు పెట్రోలు చల్లుట ప్రాణాంతకము. దారిలో నెట్టు గొట్టము ఊడి బలము తగ్గినచో బండిని ప్రక్కకు తీసి, హెచ్చరిక దీపములు వెలిగించి, పిల్లలను రహదారికి దూరముగా నిలిపి, తరువాత మూత ఎత్తుడు.

మన బాలబాలికలలో కొందరు పాలిటెక్నిక్కులకును, హోసూరు కర్మాగారములకును పోయెదరు. కొందరు రహదారినే ఆశ్రయించెదరు. ఏ పనికి పోయినను ఈ యలవాటు వారికి తోడగును: విడిపోయినది కనబడినప్పుడు, అది ఎచ్చటినుండి వచ్చినది, దానిలో ఏమి ప్రవహించును, ఏ దిక్కునకు ప్రవహించును అని ముందడిగి, ఆ పిమ్మట చేయి చాచుట. ఆ మూడు ప్రశ్నలను మాతృభాషలో అడుగ నేర్చిన బిడ్డ ఏ భాషలోని యంత్రపు పుస్తకమును చూచినను బెదరడు.

అభ్యాసము

1. పంపుసెట్టు పీల్చు గొట్టమునకు చిల్లి పడినచో నీరు ఏల కారదు? టర్బో ఇంజనులో దానికి సరియగు భాగమేది?

2. గొట్టపు లోపలి వ్యాసము 6 సెంటీమీటర్లైనచో, చదరపు సెంటీమీటరునకు 1 కిలోగ్రాము చొప్పున కీలుపై పడు బలమెంత?

3. ఒక పలుచని రబ్బరు గొట్టపు కొనను వ్రేలితో మూసి రెండవ కొన నుండి ఊదుము, తరువాత పీల్చుము. గొట్టపు ఆకారమున కలిగిన భేదమును వ్రాయుము.

4. మీ యింటి కారునకు బ్రేకు బూస్టరు పరీక్షను పెద్దలచేత చేయించి, ఫలితమును తరగతిలో చెప్పుము.